లెన్స్ తీసిన నెల

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది జూన్‌లో మా సంస్థ నన్ను బెంగళూరు నుంచి హోసూరు శాఖకు బదిలీ చేసింది. హోదా సీనియర్ ఆప్టోమెట్రిస్ట్, కాంటాక్ట్ లెన్స్ విభాగం బాధ్యత. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళు ఉంది. బయటివాళ్ళు మమ్మల్ని కూడా డాక్టరమ్మా అనే పిలుస్తారు గానీ మా పని వేరు. ఆపరేషన్ చేసేది, మందు రాసేది కంటి డాక్టరు. చూపు కొలిచి, కళ్ళజోడో లెన్సో కంటికి కుదిర్చి, ఆ కన్ను దాన్ని ఎలా భరిస్తోందో కనిపెట్టి చెప్పేది ఆప్టోమెట్రిస్ట్. పుట్టింది కుప్పం పక్క కాబట్టి హోసూరు నాకు కొత్త అనిపించలేదు. ఆస్పత్రి వరండాలో ఒకే బెంచీ మీద తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తుంటే ఇంటికి వచ్చినట్టే ఉండేది.

చేరిన వారంలోనే మా శాఖ కార్నియా సర్జన్ డాక్టర్ ఇళంగో ఒక పని అప్పగించారు. ఐదేళ్ళకు పైబడి స్క్లీరల్ లెన్సులు వాడుతున్న రోగులందర్నీ తిరిగి పిలిచి, వాళ్ళ కళ్ళు ఎలా ఉన్నాయో మొదటి నుంచీ పరీక్షించాలి. కరోనా కాలంలో ఆస్పత్రికి రావడం మానేసినవాళ్ళు చాలామంది తర్వాత కూడా రాలేదు. లెన్స్ బాగానే పనిచేస్తోంది, ఇంక రావడం దేనికి అనుకున్నారు.

స్క్లీరల్ లెన్స్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. కంటి నల్లగుడ్డు ముందు గడియారానికి అద్దంలా ఉండే పారదర్శక పొరను కార్నియా అంటాం. మామూలు కాంటాక్ట్ లెన్స్ ఆ పొర మీదే కూర్చుంటుంది. స్క్లీరల్ లెన్స్ దానికంటే పెద్దది, గట్టిది. కార్నియాను తాకకుండా దాని మీదుగా వంతెనలా దాటి, అంచులతో తెల్లగుడ్డు మీద ఆనుతుంది. మధ్యలోని ఖాళీలో సెలైన్ నింపి, తల కిందికి వంచి పెట్టుకోవాలి. కార్నియా ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ నీరు దాన్ని సమం చేస్తుంది. కళ్ళజోడుతో అక్షరం పోల్చుకోలేని మనిషి ఈ లెన్స్ పెట్టుకుని పేపరు చదువుతాడు. మా వృత్తిలో ఇంత సంతోషపెట్టే క్షణాలు ఎక్కువ ఉండవు.

ఇందులో చిక్కు ఒకటుంది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ప్రాణవాయువు చాలావరకు బయటి గాలి నుంచే అందాలి. లెన్స్, దాని వెనక నీరు, రెండూ ఆ గాలికి అడ్డం. ఆరోగ్యమైన కార్నియా ఆ అడ్డాన్ని తట్టుకుంటుంది. రోజంతా, ఏళ్ళ తరబడి పెట్టుకున్నా తట్టుకుంటుందా అన్నదే అప్పట్లో మేమంతా వేసుకుంటున్న ప్రశ్న.

పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఫలితాలు నేను అనుకున్నదానికంటే బాగున్నాయి. అనంతపురం నుంచి వచ్చి మత్తిగిరిలో కాపురం పెట్టిన ఒకాయన ఫ్యాక్టరీలో యంత్ర భాగాల కొలతలు సరిచూసే ఉద్యోగి. లెన్స్ లేకపోతే ఆ ఉద్యోగమే లేదు. ఆరేడేళ్ళుగా వాడుతున్నా ఆయన కార్నియా నిర్మలంగా ఉంది. కొందరికి లెన్స్ అంచు ఆనేచోట తెల్లగుడ్డు మీది పలుచని పొర వదులై కిందికి జారింది. ఒకామెకు కార్నియా అంచున సన్నటి రక్తనాళాలు లోపలికి పాకడం మొదలైంది. ఒకాయన కుళాయి నీళ్ళతో లెన్స్ కడుగుతున్నాడు. ఆ అలవాటు మాన్పించడానికి కాస్త గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. ఇవన్నీ కనిపెట్టగానే సరిదిద్దగలిగినవే. లెన్స్ కంటిని పాడుచేస్తుందన్న భయానికి ఆధారం నాకు కనిపించలేదు. డాక్టర్ ఇళంగోతో ఆ మాటే అన్నాను.

రమ్మన్నా రానివాళ్ళలో ఉద్దనపల్లి రత్న ఒకరు. మా సహాయకురాలు రెండుసార్లు ఫోన్ చేస్తే, బాగానే ఉన్నాను, పూల సీజను అయ్యాక వస్తానని చెప్పిందట. మూడోసారి నేనే చేశాను. ఫోన్ తీసింది ఆమె అత్తగారు మునెమ్మ. నేను ఎవరో, ఎందుకు చేస్తున్నానో చెప్పాను.

"ఏమ్మా, దానికి బాగుండాదని ఎవురు చెప్పినారు మీకు?" అంది ఆమె. "బాగుంటే సాయంత్రమైతే దీపం చుట్టూ రంగులు యాల కనపడతాయి? బండి లైటు చూస్తే ఇంద్రధనస్సు మాదిరి ఉండాదత్తా అనింది నాతో. నాకు చెప్పినట్ల మీకు చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. దీపం చుట్టూ రంగుల వలయం కనిపించడం మాకు తేలిగ్గా వదిలేసే లక్షణం కాదు. కార్నియాలో నీరు చేరి ఉబ్బినప్పుడు అలా కనిపిస్తుంది. కంటి పీడనం పెరిగినా కనిపించవచ్చు. ఏదైనా సరే చూడాల్సిందే. రేపు సాయంత్రం, పొద్దున పెట్టుకున్న లెన్స్ తీయకుండా రత్నను తీసుకురమ్మన్నాను.

"నేనే పిలుచుకోని వస్తాను పో," అని మునెమ్మ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఇద్దరూ ఉద్దనపల్లి బస్సు దిగి వచ్చారు. రత్నకు నలభై దాటి ఉండవు. ఎండకు కమిలిన ముఖం, ముళ్ళు గీసుకుపోయిన చేతులు. వాళ్ళది ఎన్నో తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్న కుటుంబం. భర్త శ్రీనివాస హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ప్లాస్టిక్ కప్పు వేసిన గులాబీ తోట మొత్తం రత్న చూసుకుంటుంది. కొమ్మ పొడవును బట్టి పూలు వేరుచెయ్యడం, ఆకు అడుగున ఎర్రనల్లి పురుగు చేరిందేమో చూడడం, కూలీలను నడిపించడం అన్నీ ఆమే.

ఆమె కళ్ళ చరిత్ర చిన్నది కాదు. కాలేజీ రోజుల్లో రెండు కార్నియాలూ పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చాయి. దాన్ని కెరటోకోనస్ అంటాం. ఎడమ కంట్లో ఆ పొర లోపలివైపు చిరిగి, నీరు పట్టి, మానాక మచ్చ మిగిలింది. ఆ కంటితో ఎదురుగా పెట్టిన వేళ్ళు లెక్కపెట్టగలదు, అంతే. కుడికంటికి బెంగళూరులో కార్నియా మార్పిడి జరిగింది. చనిపోయిన ఎవరో దాత కార్నియాను అతికించారు. ఆ అతుకును గ్రాఫ్ట్ అంటాం. గ్రాఫ్ట్ నిర్మలంగానే నిలబడింది గానీ దాని వంపులు సరిగా రాలేదు. కళ్ళజోడు సాయపడలేదు. దాదాపు తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఆస్పత్రిలో కుడికంటికి స్క్లీరల్ లెన్స్ అమర్చారు. అప్పటి నుంచి ఆమె బతుకంతా ఆ ఒక్క కంటి మీద, ఆ ఒక్క లెన్స్ మీద నడుస్తోంది.

"సాయంత్రానికి మసకవుతాది మేడమ్," అంది రత్న. "అది మామూలే గదా. లెన్స్ లోపల నీళ్ళు మురికైతే అట్ల అవుతాదని అప్పుడే చెప్పినారు. తీసి, కడిగి, మళ్ల సెలైన్ పోసి పెట్టుకుంటాను."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. లెన్స్ వెనక నీటిలో కంటి జిగురు, రేణువులు చేరి చూపు మసకబారడం ఈ లెన్సులు వాడేవాళ్ళలో చాలామందికి ఉండేదే. తీసి కొత్త సెలైన్ నింపితే పోతుంది.

"అట్ల పోసి పెట్టుకున్నాక మసక పోతుందా?" అని అడిగాను.

"ముందు పొయ్యేది," అంది.

నేనే లెన్స్ తీసి, కొత్త సెలైన్ నింపి, తిరిగి పెట్టి చూశాను. అక్షరాల పట్టిక మీద ఒక్క వరస కూడా మెరుగుపడలేదు. అంటే మసక నీటిలో లేదు, కంటిలోనే ఉంది. స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి సన్నటి వెలుగు గీతను కార్నియా మీద వేసి చూశాను. గాజులా ఉండాల్సిన పొర ఆవిరి పట్టినట్టుంది. మందం కొలిచే పరికరంతో చూస్తే గ్రాఫ్ట్ పాత కొలత కంటే స్పష్టంగా లావెక్కింది. కార్నియా లోపలి గోడకు ఒక వరస కణాలు ఉంటాయి. లోపలికి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేసేవి అవే. పోయిన కణం మళ్ళీ పుట్టదు. గ్రాఫ్టులో అవి మొదటి నుంచీ తక్కువే ఉంటాయి, ఏటేటా తగ్గుతుంటాయి. రత్న కంట్లో బాగా తగ్గాయి గానీ అడుగంటలేదు.

డాక్టర్ ఇళంగో వచ్చి చూశారు. ముందు తేల్చాల్సింది శరీరం గ్రాఫ్టును తిరస్కరిస్తోందా అని. ఆ గుర్తులు లేవు. పీడనం మామూలుగా ఉంది. ఆయన అభిప్రాయం సూటిగా చెప్పారు: గ్రాఫ్ట్ అలిసిపోయింది, లెన్స్ శాశ్వతంగా ఆపాలి, రెండో మార్పిడికి పేరు నమోదు చేయాలి. ఆయనది తొందరపాటు అనలేను. కార్నియా సర్జన్‌గా చూడాల్సిన విధంగానే చూశారు.

నా లెక్క వేరుగా ఉంది. ఆమె పొద్దున పూలు కోసేవేళకు లెన్స్ పెడితే పడుకునేముందు తీస్తుంది. ఆ లెన్స్ పాతకాలపు పదార్థంతో చేసింది, మందం ఎక్కువ, వెనక నీటి లోతు ఎక్కువ. ఆఖరుసారి ఐదేళ్ళ కిందట మార్చింది, విరగలేదు కదా అని అదే వాడుతోంది. గ్రాఫ్ట్ చచ్చిపోతోందా, ఊపిరాడక ఉబ్బిందా అన్నది లెన్స్ తీసి చూస్తే గానీ తెలియదు. పైగా చూపున్నది ఆ ఒక్క కంటికే. రెండో మార్పిడి మొదటిదంత సులువుగా నిలబడదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. నెల రోజులు లెన్స్ పూర్తిగా ఆపి మందం తగ్గుతుందేమో చూద్దాం, తగ్గితే గాలి ఎక్కువ పోయే లెన్స్ కొత్తగా కుదురుస్తాను, తగ్గకపోతే మీ మాటే అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. మధ్యలో రెండో వారం ఒకసారి కొలవాలని, అప్పటికి తగ్గుదల కనిపించకపోతే ఇంక ఆగేది లేదని షరతు పెట్టారు.

ఒప్పుకోనిది రత్నే.

"నెల దినాలా? మేడమ్, లెన్స్ లేకుంటే నాకు మనిషి నిలబడిండేది తెలుస్తాది గానీ ఎవురో తెలియదు. తోట ఎట్ల చూసేది?"

మునెమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. రత్న గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఆమె బావ, అంటే భర్త అన్న కృష్ణప్ప, ఉమ్మడి భూమి మొత్తం ఇళ్ళ స్థలాల లేఅవుట్‌కు ఇచ్చేద్దామంటున్నాడు. హోసూరు చుట్టూ భూములన్నీ అదే దారి పడుతున్న కాలం. తోట నడుస్తోంది, మా పాలు ఇవ్వం అని రత్న, శ్రీనివాస పట్టుబట్టారు.

"నాకు ఆపరేషన్ అయినట్ల ఊర్లో అందరికీ తెలుసు. లెన్స్ పెట్టుకునేది మా బావకు తెలియదు. నేను ఆడ తడుముకుంటా తిరిగేది చూస్తే, కండ్లు కనపడని దాని చేతిలో తోట యాల అంటాడు. ఒక మాట చాలు ఆయనకు."

ఆ భయం ఊహించుకున్నది కాదు. అయినా నేను సడలించలేదు. ఇప్పుడు నెల రోజులు ఇస్తే ఏళ్ళు మిగలవచ్చని, ఇవ్వకపోతే ఉన్నదీ పోవచ్చని చెప్పాను. పక్కా హామీ అడిగింది. ఇవ్వలేనన్నాను, నా అంచనా మాత్రం తగ్గుతుందనే అన్నాను. మునెమ్మ వైపు చూసింది. "చెప్పినట్ల విను," అంది మునెమ్మ. రత్న తలూపింది. ఉబ్బు తగ్గడానికి డాక్టర్ రాసిన ఉప్పు చుక్కల మందు తీసుకుని ఇద్దరూ వెళ్ళారు.

రెండో వారం తిరిగి వచ్చారు. మందం కొలిస్తే కొద్దిగా తగ్గింది, అనుకున్నంత కాదు. డాక్టర్ ఇళంగో కొలతలు చూసి, రెండు వారాల విశ్రాంతికి కూడా కోలుకోలేదంటే గ్రాఫ్ట్ పని అయిపోయినట్టేనన్నారు. మార్పిడికి పేరు రాయించమని సహాయకురాలికి చెప్పడానికి లేచారు. ఆ కొలతకు అంతకంటే వేరే అర్థం చెప్పే వీలు అప్పటికి నా దగ్గర కూడా లేదు.

అయినా నా పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. కంట్లో పసుపుపచ్చ రంగు చుక్క వేసి నీలి వెలుగులో చూడడం మా క్రమంలో చివరి మెట్టు. పుండ్లు, గీతలు ఉంటే ఆ రంగు పట్టి మెరుస్తాయి. రత్న కార్నియా మీద ఏమీ లేదు. తెల్లగుడ్డు మీద మాత్రం, నల్లగుడ్డుకు దూరంగా చుట్టూ, గుండ్రటి పల్లం ఒకటి రంగు నింపుకుని కనిపించింది. చాలాసేపు కళ్ళజోడు పెట్టి తీస్తే ముక్కు మీద నొక్కు మిగులుతుందే, అలాంటిది. స్క్లీరల్ లెన్స్ అంచు ఆనేచోట పడే ముద్ర అది. లెన్స్ తీసిన కొన్ని గంటల్లో మాసిపోతుంది. రెండు వారాల కిందట తీసిన లెన్స్ ముద్ర ఇంకా ఉండదు.

డాక్టర్ గారిని ఆగమన్నాను. పేరు ఇప్పుడే రాయించవద్దు, నాకు కాస్త వ్యవధి కావాలన్నాను. ఆయన సరేనని పక్క గదిలో రోగిని చూడడానికి వెళ్ళారు.

"రత్నమ్మా, ఈపొద్దు లెన్స్ ఎప్పుడు తీసినావు?" అని వాళ్ళ మాటలోనే అడిగాను.

ఆమె గడ్డం ఇంకా స్లిట్ ల్యాంప్ మీదే ఉంది. మునెమ్మే ముందు మాట్లాడింది. "లెన్సా? అది పెట్టెలో ఉండాది గదమ్మా. నేనే పెట్టినాను."

"తీసినాను అత్తా," అంది రత్న. "బస్సు ఎక్కే ముందు తీసినాను."

తర్వాత మొత్తం చెప్పింది. లెన్స్ ఆపిన నాలుగైదు రోజులకే కృష్ణప్ప లేఅవుట్ వాళ్ళను వెంటబెట్టుకుని కొలతలు వేయించడానికి వచ్చాడు. ఆ పూట మాత్రమే అనుకుని పెట్టుకుంది. వాళ్ళు మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. బావ స్కూటర్ చప్పుడు వినిపిస్తే చాలు లోపలికి పోయి పెట్టుకునేది. చివరికి పొద్దున పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఉంచుకోవడం రోజూ అయిపోయింది.

"ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడి ఒక ఆకు చూపించి, దీనికి నల్లి పట్టిండాదా అమ్మా అని అడిగినాడు మేడమ్. నవ్వుతా అడిగినాడు. ఆపొద్దు లెన్స్ ఉండె కాబట్టి చెప్పినాను. లేకుండింటే?"

కోపం తెచ్చుకోవాల్సిన చోటు అది కాదు. నాకు నిజానికి ఊరట కలిగింది. రోజూ సగం పూట లెన్స్ పెట్టుకుంటూ కూడా మందం కొంచెమైనా తగ్గిందంటే, ఆ గ్రాఫ్టులో తోడే బలం ఇంకా ఉందని అర్థం. ఆ మాటే ఆమెకు చెప్పాను. నువ్వు దాచిన సంగతి బయటపడకపోయి ఉంటే ఇంకాసేపట్లో నీ పేరు మార్పిడి జాబితాలో ఉండేదని కూడా చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

మునెమ్మ ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుని కుర్చీలో ముందుకు జరిగింది. "మీరు ఒకటి చెప్పండమ్మా. ఈ లెన్స్ సంగతి నా పెద్దకొడుక్కి నేనే చెప్తే, దీని కంటికి ఏమన్నా చెరుపా?"

లేదన్నాను.

"అయితే ఇంగ దాచేది లేదు. దాచిపెట్టి దాచిపెట్టి ఉన్న కన్ను పోగొట్టుకునేది యాడి న్యాయం?"

డాక్టర్ ఇళంగో తిరిగి వచ్చాక ముద్ర చూపించి జరిగింది చెప్పాను. ఆయన స్వయంగా స్లిట్ ల్యాంప్‌లో చూశారు. రోగి మాట తప్పినందుకు చికాకుపడలేదు. ఆ రోజు నుంచి నెల మళ్ళీ మొదలవుతుందని, లెన్స్ ఆస్పత్రిలోనే వదిలి వెళ్ళాలని మాత్రం అన్నారు. రత్న సంచిలోంచి లెన్స్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

ఆ నెల ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత మునెమ్మే చెప్పింది. ఊరికి పోయిన సాయంత్రమే పెద్దకొడుకును పిలిపించి, కోడలి ముందే మాట్లాడిందట. "లెన్స్ పెట్టుకుంటేనే దీనికి కనపడేది, ఇప్పుడు కంటికి వైద్యం జరుగుతా ఉండాది, నెల దినాలు కనపడదు, ఆ నెల తోట నేను చూస్తాను అని చెప్పినాను. పట్టా మీ నాయన పేరున ఉండాది, ఆయన పోయినాక నా వేలిముద్ర లేకుండా ఒక అడుగు కూడా పోదు, దీని పాలుకు ఆ వేలు పెట్టను అన్నాను. నీ పాలు నువ్వు ఏమన్నా చేసుకో అప్పా, దీని పాలు జోలికి రావద్దు అన్నాను." కృష్ణప్ప ఏమన్నాడని అడిగాను. "ఏమంటాడు? సుమ్మనే, మారు మాట అనకుండా లేచి పోయినాడు," అంది. మరుసటి వారం వచ్చి రత్నను, కంటికి ఎట్లుంది అని మాత్రం అడిగాడట. లెన్స్ గురించి ఎప్పుడూ ఎత్తిపొడవలేదట. రత్న అన్నేళ్ళు మోసిన భయం పెద్దదే గానీ, బయటపెట్టాక దానికి అంత బలం లేకపోయింది.

ఆ నెల రత్నకు సులువుగా ఏమీ గడవలేదు. శ్రీనివాస షిఫ్టు మార్పించుకుని పూలు మార్కెట్‌కు చేర్చాడు. మునెమ్మ తోటలో నిలబడింది. ఎర్రనల్లి ఒక వరసంతా పట్టాక గానీ ఎవరూ గమనించలేదు; ఆ వరస మొక్కలు కొట్టేయాల్సి వచ్చింది. తను ఇంట్లో కూర్చుని వినడం తప్ప చేసేది లేకపోవడం కంటే కష్టం ఇంకోటి లేదని రత్న నాతో అంది.

నెల నిండిన రోజున కొలిచిన మందం నాకు ఇప్పటికీ బాగా గుర్తు. అంకె చెప్పను, ఆమె పాత, మంచి రోజుల కొలతకు దాదాపుగా వచ్చేసింది. వెలుగు గీత కార్నియా గుండా శుభ్రంగా దూసుకుపోయింది. నేను పక్కకు జరిగి డాక్టర్ ఇళంగోకు కుర్చీ ఇచ్చాను. చూసి, తమిళంలో, "సరి మేడమ్, మీ లెన్స్ మొదలుపెట్టండి," అన్నారు.

కొత్త లెన్స్ కుదర్చడానికి నాలుగు సిట్టింగులు పట్టాయి. ప్రాణవాయువును ఎక్కువగా పోనిచ్చే పదార్థం ఎంచుకున్నాను, మందం వీలైనంత తగ్గించాను. లెన్సుకూ కార్నియాకూ మధ్య నీటి లోతును స్కానింగ్‌లో కొలుస్తూ, తాకకుండా ఉండేంత మాత్రమే ఉంచాను. రెండు మూడు వెంట్రుకలు పేర్చితే ఎంతో, సుమారు అంత. ఇంతకంటే తగ్గిస్తే లెన్స్ గ్రాఫ్ట్ అంచుకు రాసుకుంటుంది, పెంచితే గాలి అందదు. పెట్టుకునే వేళలు కూడా మార్చాం. పొద్దున పూల పని అయ్యేదాకా ఉంచి, మధ్యాహ్నం భోజనానికి తీసేయాలి. తర్వాత అవసరమైతేనే కొద్దిసేపు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కన్ను ఖాళీగా ఉండాలి. రత్న ఈసారి వేళల మీద బేరమాడలేదు. ఆ మధ్యాహ్నాల పని మాత్రం మునెమ్మకు శాశ్వతంగా అంటుకుంది.

మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి చూశాం. రంగుల వలయాలు పోయాయి. మందం నిలకడగా ఉంది. కణాలు కొద్దిగా తగ్గాయి. గ్రాఫ్టులో తగ్గడం మామూలే, వేగం పెరగలేదు. కృష్ణప్ప తన పాలు లేఅవుట్‌కు ఇచ్చాడు. తోటకు ఒకవైపు ఇప్పుడు సిమెంటు రాళ్ళు పాతి ఉన్నాయి, మిగతా వైపు గులాబీలే. నేను పదవీ విరమణ చేసేనాటికి రత్న అదే లెన్సుతో, అదే గ్రాఫ్టుతో పనిచేస్తోంది. ఏదో ఒక రోజు ఆ గ్రాఫ్ట్ ఓపిక అయిపోవచ్చు. అప్పుడు డాక్టర్ ఇళంగో రెండో మార్పిడి చేస్తారు. ఆ సంగతి రత్నకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు.

ఈ కేసు తర్వాత మా విభాగంలో రెండు పద్ధతులు మారాయి. స్క్లీరల్ లెన్స్ వాడేవాళ్ళను అంతకుముందు పొద్దున పిలిచేవాళ్ళం. లెన్స్ అప్పుడే పెట్టుకుని వచ్చేవాళ్ళు, పట్టికలో కింది వరస చదివేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు రోజంతా పెట్టుకున్నాక సాయంత్రం రమ్మంటాం. కన్ను రోజంతా ఏం భరించిందో సాయంత్రమే తెలుస్తుంది. మార్పిడి జరిగిన కళ్ళయితే, చూపు ఎంత బాగున్నా మందం, కణాలు తప్పక కొలుస్తాం. రెండోది, లెన్స్ ఆపమని చెప్పే రోజున రోగితో పాటు ఇంటి మనిషిని కూర్చోబెట్టి, ఈ నెల ఇంట్లో, పనిలో ఎవరు ఏమంటారు అని అడుగుతాం. ఆ జవాబు వినకుండా మందు చీటీ రాయడం దండగ.

ఏళ్ళ తరబడి వాడితే ఈ లెన్సులు కళ్ళను పాడుచేస్తాయా అని కొత్తగా చేరే ఆప్టోమెట్రిస్టులు అడుగుతారు. ఆరోగ్యమైన కార్నియా చాలావరకు తట్టుకుంటుందని, గ్రాఫ్ట్ ఉన్న కన్ను తక్కువ తట్టుకుంటుందని, ఆ తేడా చూపులో కనిపించడానికి చాలాకాలం ముందే పరికరాల్లో కనిపిస్తుందని చెబుతాను. చూపు కొలవడం ఒక పరీక్ష, కంటి ఆరోగ్యం కొలవడం వేరే పరీక్ష. రెండూ చెయ్యాలి.